సలోమి గీసిన పురుగు

1998లో, బెంగళూరులోని ఒక ఆసుపత్రిలో, నేనొక మనిషి ప్రాణం కాపాడాను. స్టెతస్కోపు పట్టకుండా, మందు రాయకుండా, పేషెంటు మొహమైనా చూడకుండా. డాక్టర్లకు అంతుపట్టని జబ్బును మైక్రోస్కోపులో ఒక్క చూపుతో పట్టేశాను.

రిటైరయ్యేదాకా ప్రతి కొత్త బ్యాచికీ ఈ కథ చెప్పాను. చెప్పినకొద్దీ పేషెంటు చావుకు దగ్గరయ్యాడు, నా చూపు పదునెక్కింది, పురుగు పొడవు పెరిగింది. చివరి బ్యాచి నాటికి అది జానెడయింది. మామూలు కంటికి కనపడని పురుగది. ఇప్పుడు ఇంట్లో కూర్చున్నాను, మెప్పించాల్సినవాళ్లు ఎవరూ లేరు. కాబట్టి జరిగింది రాస్తాను.

ఆ ఆసుపత్రి నర్సింగ్ స్కూల్లో నేను పారాసైటాలజీ చెప్పేవాణ్ణి. మనిషి ఒంట్లో చేరి బతికే పురుగుల పాఠం. అమ్మాయిలు ముక్కు మూసుకుని నేర్చుకునేవారు. ప్రాక్టికల్‌కు స్టూల్ సాంపిల్, అంటే పేషెంటు మలం, కావాలి. ముందురోజు వార్డుల్లో మిగిలినవాటిని మా ల్యాబ్ అటెండరు దాచి తెచ్చేవాడు. నా పాఠాలన్నీ నిలవ సరుకుతోనే నడిచాయి. ఒక వారం అతను సెలవు పెట్టాడు. "మీ వార్డుల్లోంచి మీరే తెచ్చుకోండి" అన్నాను అమ్మాయిలతో.

ఆరోజు పాఠం హుక్‌వర్మ్, అంటే కొంకిపురుగు. మైక్రోస్కోపులో దాని గుడ్డు చూసి రికార్డులో గీయాలి. అందరూ గుడ్లు గీశారు. చీరాల నుంచి వచ్చి చదువుకుంటున్న సలోమి మాత్రం లార్వాను, అంటే గుడ్డులోంచి బయటపడ్డ పిల్ల పురుగును, మెలికలతో సహా గీసింది. ఎర్ర సిరాతో కొట్టేశాను.

"పాత సాంపిలమ్మా ఇది. నిలవుంటే గుడ్లు పగిలి పిల్లలొస్తాయి. గుడ్డు వెతికి గియ్యి."

"పాతది కాదండి. పొద్దున ఎనిమిదింటికి మునెప్ప తాత దగ్గర నేనే పట్టాను. తెచ్చేటప్పుడు డబ్బా ఇంకా వెచ్చగానే ఉంది."

"మా అటెండరూ అట్లాగే చెబుతాడు."

"నేను అటెండర్ని కాదు కదండీ."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.

మునెప్ప ఆమె వార్డులో పేషెంటు, బెంగళూరు శివారు కాడుగోడి పక్కన ఆకుకూరలు పండించేవాడు. తడి మళ్లలో చెప్పుల్లేకుండా తిరిగిన కాళ్లు. ఆయాసంతో వచ్చి చేరితే ఉబ్బసమని స్టిరాయిడ్ ఇస్తున్నారు. ఇస్తున్నకొద్దీ ఆయాసం ఎక్కువవుతోంది. సలోమి నా బల్ల ముందు నుంచి కదల్లేదు.

"తాజా సాంపిల్లో పిల్ల పురుగు కనపడితే అది కొంకిపురుగు కాదు, స్ట్రాంగిలాయిడిస్ అనే వేరే పురుగని మీరే చెప్పారండి. దానికి స్టిరాయిడ్ తోడైతే ఒళ్లంతా పాకి ప్రాణం తీస్తుందనీ చెప్పారు. రెండింటికి తాతకి మళ్లీ ఇంజక్షనుంది."

చెప్పింది నేనే. పుస్తకంలో చదివి చెప్పాను. తాజా సాంపిల్ చూసే అలవాటే లేనివాడికి ఆ పురుగు ఎక్కడ తటస్థపడుతుంది? సాంపిల్ ఎన్నింటిదో మైక్రోస్కోపు చెప్పదు, పట్టిన మనిషే చెప్పాలి. ఆ మనిషి నా ఎదురుగా నిలబడి చెబుతోంది. నమ్మాను. ఖాయం చేసుకోవడానికి ఇంకొకటి పట్టుకురమ్మన్నాను.

ఒంటిగంట దాటాక తెచ్చింది. స్లయిడ్ మీద పెట్టీ పెట్టగానే పిల్ల పురుగులు కొట్టుకుంటూ కనిపించాయి. స్లయిడ్ తీసుకుని వార్డు డాక్టరు దగ్గరికి వెళ్లి, "నేనొకటి కనిపెట్టాను" అన్నాను. సలోమి ట్రే పట్టుకుని నా వెనకే నిలబడి ఉంది. డాక్టరు చూసి, రెండు గంటల ఇంజక్షన్ కొట్టేసి, పురుగు మందు రాశాడు.

రెండు వారాల తర్వాత మునెప్పను చూడబోయాను. మంచం మీద కూర్చుని రాగిముద్ద తింటున్నాడు.

"ఇప్పుడు దమ్ము బాగుండాది. నువ్వెవరప్పా?"

"మీ పురుగును పట్టినవాణ్ణి."

"పట్టింది ఆ పాప కదప్పా. ఒకే దినం రెండుసార్లు డబ్బా పట్టుకోని వచ్చె. నాకోసం తాతా, ఇంకొక్కసారి అనె. ఏం చేసేది చెప్పు, ముక్కి ముక్కి ఇస్తిని."

ఆ తర్వాత "ఎవరు పట్టారు, ఎన్నింటికి?" అని అడక్కుండా నేను మైక్రోస్కోపులో కన్ను పెట్టలేదు. డబ్బా మీద పట్టిన అమ్మాయి పేరూ టైమూ రాయించాను. ఆ తర్వాతి ఏళ్లలో అమ్మాయిలు ఇంకో ఇద్దరిలో ఆ పురుగును పట్టారు. పేరు నాకొచ్చింది. నాకు తాజా సాంపిల్ చూడటం నేర్పింది ఒక శిష్యురాలని ఏ బ్యాచికీ చెప్పలేదు. ఆమె దయవల్ల నేను పనికొచ్చే మేష్టర్నయ్యాను. ఇప్పుడు చెబుతున్నాను.

సలోమి ఇప్పుడు అదే పాఠం చెబుతోంది. అచ్చుకు ఇచ్చేముందు ఇదంతా ఫోనులో ఆమెకు చదివి వినిపించాను. చదవడం అయ్యేసరికి కళ్లు తుడుచుకుంటోందనుకున్నాను.

"అంతా బాగుందండి. ఒక్కటి మార్చండి" అంది. "నమ్మానని రాశారే, అది తీసేయండి. మీరు నమ్మింది నన్ను కాదు, రెండో డబ్బాని."