అడుగున కొక్కెం ఉన్న చెంబు

మా పక్కింటి సేటమ్మ పోయింది. ఆ రోజు పొద్దున ఆసుపత్రి నుంచి ఆమె కోడలు ఫోన్ చేసేసరికి నేను బడికి బయలుదేరుతున్నాను. అయ్యో అనే లోపలే నా చూపు వంటింటి గట్టు మీదున్న ఇత్తడి చెంబు మీదికి పోయింది. అప్పటి నుంచి నాకు ఒక చోట కాలు నిలవడం లేదు. ఈ నాలుగు మాటలూ లేస్తూ కూర్చుంటూ రాస్తున్నవే.

కర్నూలు పాతబస్తీలో మా రెండిళ్లకూ మధ్య ఒక్కటే గోడ. తాతల కాలంలో రాజస్థాన్ నుంచి బట్టల వ్యాపారానికి వచ్చిన జైనుల ఇంటి పిల్ల ఆమె. పుట్టి పెరిగింది ఆదోనిలో, మా సీమ యాస నాకంటే ఆమెకే బాగా వచ్చు. ఉల్లిపాయ ముట్టదు, గడ్డలు తినదు, పొద్దు గుంకితే మంచినీళ్లు కూడా తాగదు. వీధిలో అందరికీ అవి అలవాటైపోయాయి. ఆ చెంబు సంగతే నాకు ఎప్పటికీ అలవాటు కాలేదు.

నీళ్లు వడకట్టడం అందరూ చేసేదే. సేటమ్మకు అక్కడితో పని అయిపోదు. వడకట్టిన గుడ్డను కాసిని నీళ్లతో ఆ చెంబులోకి జాడించి, ఆ జాడించిన నీళ్లను ఏ బావిలోంచి తెచ్చారో ఆ బావికే తిరిగి చేర్చాలి. గుడ్డకు అంటుకున్న ప్రాణులు వాటి ఇంటికి అవి పోవాలన్నది వాళ్ల ఆచారం. పైనుంచి కుమ్మరించడానికి లేదు. చెంబు మెడకు ఒక తాడు, అడుగున ఉన్న కొక్కేనికి ఇంకో సన్న తాడు. మెడ తాడుతో నీటి దాకా దింపి, సన్న తాడు లాగితే చెంబు మెల్లగా బోర్లా పడుతుంది. "పైనుంచి పోస్తే దెబ్బ తగుల్తాది కదా పాపా," అనేది.

ఆమె పెరట్లో బావి ఉన్నంత కాలం బాగానే సాగింది. బావి ఎండింది. ఓర్వకల్లు దగ్గర ఏదో తోటబావి నుంచి ట్యాంకరు రావడం మొదలైంది. ఇంకొకరైతే ఆచారాన్ని అటక మీద పెట్టేవారు. సేటమ్మ ట్యాంకరు భాయ్‌ని నిలబెట్టి, "ఈ నీళ్లు యాడివప్పా?" అని అడిగి, మర్నాటి నుంచి చెంబు అతని చేతికే ఇచ్చి పంపడం మొదలుపెట్టింది. అతను నవ్వుకుంటూనే సీటు పక్కన పెట్టుకుని పోయేవాడు.

నేను జీవశాస్త్రం చెప్పే పంతులమ్మను. ఊరుకుంటానా? ఒక సెలవు రోజు ఆమెను మా బడి లాబ్‌కు తీసుకుపోయి, ఆమె వడకట్టుకుని తాగే నీళ్లే ఒక చుక్క సూక్ష్మదర్శిని కింద పెట్టి చూపించాను. అందులోనూ ఏవో ఈదుతున్నాయి. ఇక వాదన నాదేనని చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆమె చాలాసేపు కన్ను తీయలేదు.

"అయితే గుడ్డకు ఇంకో మడత వెయ్యల్ల," అంది చివరికి.

ఒళ్లు మండిపోయింది నాకు. ఆ సాయంత్రమే అరుగు మీద మళ్లీ వాదనకు దిగాను. ట్యాంకరు భాయ్ అక్కడే పైపు చుడుతున్నాడు. "మా ఇంట్లో జాతరకు పొట్టేలు కోస్తాం. భాయ్ వాళ్లు బక్రీదుకు కోస్తారు. మేమంతా ఏమైపోతామంటావు?" అన్నాను. ఆమె కోప్పడుతుందేమోనని చూశాను. భాయే అందుకున్నాడు. "మా మౌల్వీ సాబ్ చెప్తాడు సేటమ్మా, దప్పిగొన్న కుక్కకు నీళ్లు తాపినోళ్లను అల్లా మాఫ్ చేసినాడంట."

"శానా మంచి మాటప్పా. మీకు మాఫ్ చేసేటోడు ఒగడుండాడు. ఈ పాప వాళ్లు పుష్కరాలకు తుంగభద్రలో మునిగి కడుక్కుంటారు. మాకట్ల పైన కూచోని క్షమించేటోడు ఎవుడూ లేడు. ఎవురికి తప్పు చేస్తే వాళ్లనే అడుక్కోవల్ల. కుక్కకు చేస్తే కుక్కనే."

అందుకే కాబోలు, ఏటా వానాకాలంలో వాళ్ల ఉపవాసాల పండుగ ముగియగానే ఇంటింటికీ వచ్చి, తెలిసో తెలియకో మనసు నొప్పించి ఉంటే క్షమించమని చేతులు జోడించేది. కూరగాయల బండి వాడికీ అదే దండం, నా దగ్గర చదువుకునే పిల్లలకూ అదే. నాకు మాత్రం ఇబ్బందిగా ఉండేది. తిరిగి ఏమనాలో తెలియక కాఫీ తాగుతావా అని అడిగేదాన్ని, పొద్దు గుంకిందని తెలిసి కూడా.

ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో ఒక సాయంత్రం, పొద్దు గుంకిన వేళ, నేనున్నాను. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నర్సమ్మ గ్లాసు పట్టుకుని బతిమాలింది. మెడలో సిలువ ఉన్న పిల్ల. "దేవుడిచ్చిన ప్రాణం అవ్వా, కాపాడుకోవల్ల కదా? రెండు గుక్కలు తాగు."

"నువ్వు నిలబడిన పక్క నుంచి చూస్తే అదీ నిజమే తల్లీ," అంది సేటమ్మ. తాగలేదు.

ఎదుటివాళ్ల మాట నిజమేనంటూ తన దారి వదలని మనిషితో ఎలా పోట్లాడాలి? నేను వరండాలోకి పోయి అటూ ఇటూ తిరిగి వచ్చాను. వచ్చేసరికి ఆమె నన్నే చూస్తోంది. "ట్యాంకరు వచ్చేలోపల నన్ను ఈడికి తెచ్చినారు. చెంబు అట్లే ఉండాది పాపా," అంది. నాతో ఆమె అన్న చివరి మాట అదే. ఆ రాత్రే చెంబు మా ఇంటికి తెచ్చి పెట్టుకున్నాను.

దహనం అయ్యాక, మొక్కల్లో పోసేయండి ఆంటీ అంది కోడలు. తప్పేమీ లేదు. నాలాంటిది పోయడానికి ఆలోచించనే కూడదు. రెండుసార్లు తులసి దాకా తీసుకుపోయి వెనక్కి తెచ్చాను. చివరికి భాయ్‌కి ఫోన్ చేశాను.

"ఆ బావి అడుగంటింది మేడమ్. ఇప్పుడు వేరే బోరు నుంచి తెస్తాండాము," అన్నాడు.

"కొంచెమైనా ఉందా?"

"అడుగున ఉండాది. తాడు అందదు." అంతలోనే తనే అన్నాడు, "రాండి, పోదాం."

ట్యాంకరు ముందు సీట్లో చెంబు ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. దారి పొడుగునా నా మీద నాకే విసుగు. ఆ నీళ్లలో ఇప్పటికి ఏవి బతికున్నాయో, ఏవి లేవో పిల్లలకు పాఠం చెప్పగలను. బావి దగ్గర తాడు నిజంగానే చాలలేదు. భాయ్ ట్యాంకరు తాళ్లు విప్పి రెంటికీ ముడులు వేశాడు. నేను చెంబు వదిలాను. తాడు చేతిలోంచి జర్రున జారింది.

"మెల్లగా మేడమ్," అన్నాడు భాయ్. "దెబ్బ తగుల్తాది కదా వాటికి."

మెల్లగా దింపాను. చెంబు నీటిని తాకిందని వేళ్లకు తెలిసింది. సన్న తాడు లాగాను. ఎవరిని అడగాలో, ఏమని అడగాలో తెలియకుండానే నా నోట్లోంచి క్షమించండి అన్న మాట వచ్చింది. భాయ్ విననట్టు అటు తిరిగి నిలబడ్డాడు.

చెంబు తేలిగ్గా పైకి వచ్చింది. లోపల ఇంకేమైనా మిగిలిపోయిందేమోనని ఇద్దరం ఒకేసారి తలలు వంచి చూశాం.