నాలుగో అంతస్తు ఖాళీ అవుతోంది

ఆ ఆఫీసు భవనంలో అందరికీ అతను లిఫ్ట్ బాబాయే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్టూలు మీద కూచుని "పైకా, కిందికా?" అని అడగడం, బటన్ నొక్కడం. ఆ మాట నోటికెంత అలవాటైపోయిందంటే, ఇంట్లో కూతురు చెప్పులేసుకుంటున్నా "పైకా, కిందికా?" అనేవాడు. అలాంటి సరదా మనిషి ముఖం కొన్నాళ్ళుగా పీక్కుపోయింది. తిండి సయించదు, పలకరిస్తే ఉలిక్కిపడతాడు. ఎందుకంటారా? అంతా చేజేతులా తెచ్చుకున్నదే!

అతనికో అక్క ఉంది. మొగుడు పోయాక ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని, నడుం పడిపోయేలా కుట్టి, పైసా పైసా కూడబెట్టింది. బజారు వీధిలో అద్దాల తలుపున్న కొట్టొకటి తీసుకుని మిషను అందులో పెట్టుకోవాలని ఆవిడ ఆశ. "ఒరేయ్, ఈ డబ్బు నా దగ్గరుంటే ఎవరో ఒకరు వచ్చి ఏడ్చి పట్టుకుపోతారు. నువ్వు దాచరా" అని తమ్ముడి చేతిలో పెట్టింది.

దాచమన్నప్పుడు బ్యాంకులో వేసి ఊరుకోవచ్చుగా! ఊరుకుంటే ఈ గోలంతా ఎందుకు? రెండో అంతస్తులో ఓ ఫండ్ ఆఫీసుంది. అక్కడి మేడం లిఫ్టెక్కినప్పుడల్లా కాస్త కాస్త అడిగి తెలుసుకున్నాడు.

"ఆఫీసులూ, మాల్సూ, గోడౌన్లూ అద్దెకిచ్చే కంపెనీలుంటాయి బాబాయ్" అంది ఆవిడ ఓపిగ్గా. "వాటి షేర్లు మార్కెట్లో అమ్ముతారు, కొంటారు. మేం పదిమంది డబ్బూ పోగేసి, చూసి చూసి అలాంటివి కొంటాం. అద్దెల్లో వాటా వస్తుంది. కానీ ధర రోజూ ఊగుతూనే ఉంటుంది. తొందర్లో అవసరమయ్యే డబ్బయితే మాత్రం పెట్టకండి."

"మరి ఈ బిల్డింగో?"

"దీని ఓనర్ కంపెనీ షేర్లు కూడా మా ఫండ్‌లో కాసిని ఉన్నాయి."

అంతే! ఆ చివరి మాట చెవికెక్కింది, దానికి ముందు చెప్పిందంతా గాలికి పోయింది. కాగితాలూ అంకెలూ ఏమోగానీ, ఈ గోడలు తను రోజూ చూసేవేగా! అక్క డబ్బంతా తీసుకెళ్ళి ఆ ఫండ్‌లో పెట్టేశాడు. "నీ డబ్బు మా బిల్డింగులో ఉందక్కా" అని గొప్పగా చెప్పాడు కూడా. అప్పట్నుంచి బట్టల మూటతో అటు బస్సులో వెళ్ళినప్పుడల్లా ఆవిడ తలెత్తి ఆ భవనాన్ని చూసి మురిసిపోయేది. గేటు దగ్గర టీ తాగుతూ తమ్ముడు చెయ్యూపేవాడు.

తర్వాత బ్యాంకుల్లో వడ్డీలు పెరిగి, జనం డబ్బు అటు మళ్ళిస్తున్నారన్నారు. ఫండ్ ధర దిగడం మొదలైంది. బాబాయికి ఫోను చూడాలంటే భయం, చూడకపోతే ఇంకా భయం. ఏ అంతస్తులో లైటు వెలక్కపోయినా, ఏ కుర్చీ ఖాళీగా కనబడినా ఎవరో ఖాళీ చేసి పోతున్నారనుకునేవాడు. సరిగ్గా అప్పుడే, గోరుచుట్టు మీద రోకటిపోటులా, అక్క ఫోన్ చేసింది.

"కొట్టు దొరికిందిరా! నెలాఖరుకి అడ్వాన్సిస్తే మనదే. డబ్బుంది కదా?"

"ఆ... ఉందక్కా" అన్నాడు.

ఉండటం నిజమే, కాస్త తగ్గి ఉంది. మేడం మాత్రం "ఈ నెలలో అద్దెల వాటా వస్తుంది, ధర కూడా తేరుకునేలా ఉంది, కంగారుపడకండి" అంటూనే ఉంది. కంగారుపడకండి అంటే కంగారు తగ్గుతుందా ఎక్కడైనా!

ఒక మధ్యాహ్నం లిఫ్టు తలుపు నాలుగో అంతస్తులో తెరుచుకుంది. ఎదురుగా టేబుళ్ళు గోనెపట్టాల్లో చుట్టి ఉన్నాయి. కుర్చీలు ఒకదాని మీద ఒకటి. అట్టపెట్టెలు మోసుకుంటూ కూలీలు వెనకవైపు సామాన్ల లిఫ్టు దగ్గరికి నడుస్తున్నారు. భవనంలో అందరికంటే పెద్ద ఆఫీసు అదే. వీళ్ళు పోతే బిల్డింగు పోయినట్టే, బిల్డింగు పోతే ఫండు, ఫండు పోతే అక్క కొట్టు! లిఫ్టులో వాళ్ళు "బాబాయ్, బాబాయ్" అని పిలుస్తున్నా వినకుండా మెట్ల మీంచి రెండో అంతస్తుకి పరిగెత్తాడు.

"మొత్తం అమ్మేయండి మేడం!"

"ఇవాళ ధర మరీ తక్కువుంది బాబాయ్. ఒక్క భవనంలో ఏదో జరిగితే ఫండుకేం కాదు, అందులో బోలెడు కంపెనీలు..."

"మీకేం తెలుసమ్మా, నేను కళ్ళారా చూశాను!"

సంతకం పెట్టేశాడు. పోనీలే, మిగిలిందైనా దక్కిందని ఊపిరి పీల్చుకున్నాడు పాపం.

సాయంత్రం పదో అంతస్తు నుంచి పిలుపొస్తే లిఫ్టు తీసుకెళ్ళాడు. తలుపు తెరుచుకుంది. అవే టేబుళ్ళు, అవే కుర్చీలు. నాలుగో అంతస్తు మేనేజరు నవ్వుతూ స్వీటు పెట్టె చాచాడు. "తీసుకో బాబాయ్! కింద చోటు చాలక ఇక్కడ రెండంతస్తులు తీసుకున్నాం."

స్వీటు చేతిలోనే ఉండిపోయింది. మళ్ళీ మేడం దగ్గరికి పరిగెత్తాడు. అమ్మకం అయిపోయింది, వెనక్కి తీసుకోవడం కుదరదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

నెలాఖరుకి ధర నిజంగానే తేరుకుంది. అక్క డబ్బు మాత్రం అడ్వాన్సుకి చాలలేదు. తన జీతంలోంచి వేసినా చాలలేదు. ఇక తప్పక అక్కింటికెళ్ళి, తలుపు దగ్గరే నిలబడి, జరిగిందంతా చెప్పాడు.

మిషను ఆగింది.

"రోజంతా ఊళ్ళో వాళ్ళందరినీ అడుగుతావే, పైకా కిందికా అని. ఆ సామాన్లు మోసేవాళ్ళని ఒక్కసారి అడగలేకపోయావురా?"

"భయమేసిందక్కా."

"వెయ్యదూ మరి! వేస్తే నా దగ్గరికి రావాలి. డబ్బు నాదిరా. నాతో ఒక్క మాట చెప్పుంటే ఇద్దరం కలిసి భయపడేవాళ్ళం." ఆవిడ మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. నాలుగు తిట్టినా బాగుండేదని అతనికి ఏడుపొచ్చింది.

ఆ కొట్టు ఇంకెవరో తీసుకున్నారు. బాబాయి ఇప్పటికీ టీ వేళకి గేటు దగ్గర నిలబడి బస్సు కోసం చూస్తాడు. కిటికీ పక్కనే అక్క కూచుని ఉంటుంది, ఒళ్ళో బట్టల మూటతో. చెయ్యెత్తుతాడు. ఆవిడ తలెత్తదు.