నా కచేరీకి నేనే పక్కవాద్యం

సరూర్‌నగర్‌లో ఒక హాలు నిండా కూర్చున్న జనం ఎదుట, ఎవరి సాయమూ లేకుండా, నా పరువు నేనే తీసుకున్న ఉదంతం ఇది. హాల్లో నూట ఇరవై కుర్చీలు వేశారు. నాలుగు ఖాళీగా ఉన్నాయి. ఆ నాలుగు కుర్చీలకూ నేను జన్మంతా రుణపడి ఉంటాను.

అప్పటికి నాకు అరవై ఆరేళ్లు. కుర్రతనం, ఉడుకు రక్తం. లెక్కల టీచరుగా రిటైరయ్యాక మళ్లీ వీణ పట్టుకున్నాను. దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల ఏ గుళ్లో కచేరీ అయినా వీణ నాది, మృదంగం ఆండాళుది. ఆమెది నల్లగొండ వైపు పల్లె, కాపురం ఎల్‌బీ నగర్. మేము తెనాలి నుంచి వచ్చినవాళ్లం. ఆమె తాళాన్ని నేను సరిదిద్దుతూ ఉండేదాన్ని, ఆమె నవ్వుతూ ఉండేది. ఆ నవ్వు చూసి నాకు ఇంకా హుషారొచ్చేది.

ఒక శ్రీరామనవమి పందిట్లో, పాట మధ్యలో, మైకు ముందే అనేశాను. "ఆండాళూ, పరిగెత్తుతున్నావు."

కచేరీ అయ్యాక ఆమె మృదంగాన్ని సంచిలో పెడుతూ అంది:

"టీచరమ్మా, నేనేమన్న నీ ఏడో తరగతి పిల్లనా? గంతమంది ముందట గట్ల అంటవా?"

రోజూ "అక్కా" అనే మనిషి "టీచరమ్మా" అంటే అక్కడితో నోరు మూసుకోవాలి. నేను మూసుకోలేదు.

"తప్పుంటే చెప్పొద్దా?"

"చెప్పు, ఇంటికొచ్చినంక చెప్పు. మైకుల చెప్తవా?"

"లెక్క తప్పితే మైకయితే ఏమిటి, ఇల్లయితే ఏమిటి?"

"అయితే లెక్క తప్పనోళ్లనే జూస్కో. నేనైతే రాను."

"అక్కర్లేదు. అన్నీ నేనే వాయించుకోగలను!"

చూశారుగా, ఆ చివరి మాట నాది. అన్న మాట వెనక్కి తీసుకునే విద్య నాకు ఏ బడిలోనూ నేర్పలేదు. ఆండాళు ఫోన్ మానేసింది. పొద్దున్నే "అక్కా, చాయ్ తాగినవా?" అని వినపడకపోతే చాయ్ కూడా చప్పగా ఉంటుందని అప్పుడే తెలిసింది. ఆమె మళ్లీ మాట్లాడాలి. కానీ నేను "తప్పయింది" అనకుండా మాట్లాడాలి. దీనికి మార్గం ఏమిటని ఆలోచించి, నాబోటి మేధావికి మాత్రమే తట్టే ఉపాయం కనిపెట్టాను. అన్ని వాద్యాలూ నేనే వాయించి ఒక ఆల్బమ్ చేస్తాను. అది విని ఆండాళు అబ్బురపడి, కళ్లు తుడుచుకుంటూ వచ్చి నా చేయి పట్టుకుంటుంది. ఇదీ పథకం.

వీణ నేను చదువుకున్న చదువు. వయొలిన్ సగంలో మానేసిన చదువు. మృదంగం, ఘటం మా గురువుగారింట్లో పక్కగదిలోంచి విన్న చదువు. కోఠీలో మైకు కొన్నాను. పద్ధతి మీకూ చెబుతాను, తేలికే. ముందు వీణ వాయించి రికార్డు చేయాలి. దాన్ని చెవుల్లో పెట్టుకుని వింటూ వయొలిన్. ఆ రెండూ వింటూ మృదంగం. అన్నీ వింటూ ఘటం. చివరికి కంప్యూటర్ వాటన్నిటినీ మడతకాజా పొరల్లా ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది.

మా వీధిలో ఉల్లిపాయల ఆటో లౌడ్‌స్పీకర్ ఒకటి ఉంది, దానికి శ్రుతితో పనిలేదు. అందుకని కిటికీలకు బొంతలు కట్టాను, ఫ్యాను ఆపాను. మే నెల. నేను ఆవిరి మీద ఇడ్లీలా ఉడుకుతూ కళాసేవ చేశాను.

మృదంగం రికార్డు చేస్తున్న రోజున మావారు తలుపు తోసుకుని రెండు కప్పుల కాఫీతో వచ్చారు.

"రెండెందుకండీ?"

"ఎవరో వచ్చినట్టున్నారుగా? 'ఆహా, భేష్' అంటున్నావు?"

"ఎవరూ రాలేదు."

"మరి ఎవర్ని మెచ్చుకుంటున్నావోయ్?"

"నేనెవర్నీ మెచ్చుకోవడం లేదు, తలుపు మూయండి!"

ఆయన తలుపు మూసి, రెండు కాఫీలూ తనే తాగారు. మంచి మనిషి.

ఇక్కడ మా కచేరీల ఆనవాయితీ ఒకటి చెప్పాలి. ఒకరు సొంపుగా వాయిస్తే పక్కన కూర్చున్నవాళ్లు "శభాష్" అనాలి. అనకపోతే వాయించేవాళ్ల చేతులు చచ్చుబడతాయి. ఇన్నేళ్లూ నాకు శభాష్ చెప్పింది ఆండాళు. ఆమె వాయిస్తే చెప్పింది నేను. మాకది ఊపిరి పీల్చుకున్నట్టే, చెప్పినట్టు కూడా తెలియదు.

తెలియలేదు. అదే నా కొంప ముంచింది. అయితే పూర్తయ్యాక సరిచూసుకోలేదా అంటారు. నేనా సరిచూసుకోనిది! మూడుసార్లు విన్నాను. కానీ విన్న ప్రతిసారీ, సరిగ్గా అదే చోట, నా నోరు మళ్లీ "భేష్!" అంది. పాత భేష్ మీద కొత్త భేష్ కప్పేసింది. తప్పు కనబడకుండా నేనే కాపలా కాశానన్నమాట.

హాలు మాట్లాడాను. అందరికీ కబురు పెట్టాను. ఆండాళుకు మావారి చేత చెప్పించాను. ఆమె వచ్చింది, చివరి వరసలో కూర్చుంది. నేను వేదిక మీద కొత్త పెళ్లికూతురిలా తల వంచుకుని మీట నొక్కాను.

కల్యాణి రాగం మొదలైంది. వీణ పలికింది. పెద్ద స్పీకర్లలోంచి, ఆకాశవాణిలా నా గొంతు: "ఆహా!"

హాలు ఉలిక్కిపడింది. వయొలిన్ అందుకుంది. "భేష్! భేష్!" మళ్లీ నేనే. మృదంగం మొదలవగానే, "శభాష్, అదీ వాయించడమంటే!"

మీట మీద నా చేయి కదలలేదు. ముందు వరసవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుంటున్నారు. మావారు హాలు పైకప్పులో ఎన్ని ఫ్యాన్లున్నాయో చూస్తున్నారు.

అంతలో స్పీకర్లోంచి, "మృదంగం, పరిగెత్తకు!"

వెంటనే, అదే గొంతు, కోపంగా: "నేనెక్కడ పరిగెత్తాను?"

ఒట్టు, నాకు గుర్తే లేదు. ఘటం వాయిస్తున్నప్పుడు మృదంగాన్ని మందలించి ఉంటాను. తర్వాత మృదంగాన్ని ఇంకోసారి వాయిస్తుంటే ఆ మందలింపు చెవిలో పడి, ఉక్రోషంతో జవాబిచ్చి ఉంటాను. సరిచూసుకున్నప్పుడు ఈ రెంటినీ కూడా నా నోరే కప్పేసి ఉంటుంది. నా మాటలు పడ్డప్పుడు ఆండాళుకు ఎలా ఉండేదో ఆ ఒక్క జవాబులో నాకే వినిపించింది. హాలు గొల్లుమంది. నేను నేల చీలితే బాగుండుననుకున్నాను. సరూర్‌నగర్ నేల గట్టిది.

చివరి వరసలోంచి ఆండాళు లేచింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటూ వేదిక దాకా వచ్చింది. నా పథకంలో కళ్లు తుడుచుకోవడం వరకూ సరిపోయింది.

"ఆండాళూ, తప్పయింది" అన్నాను. మైకులోనే అన్నాను.

"గది సరే గని అక్కా, వీణ నువ్వే వాయిస్తివి, మృదంగం నువ్వే కొడ్తివి. కొట్లాట గూడ నువ్వే పెట్టుకుంటివి. కనీసం శభాష్ అనుడన్న నాకు ఇడ్సిపెట్టద్దా?"

ఆనాడే వీణ మీద చెయ్యి వేసి, మావారిని సాక్షిగా నిలబెట్టి శపథం చేశాను. ఈ కట్టె కాలేదాకా నన్ను నేను మెచ్చుకోను. తప్పనిసరైతే, మైకు ఆపి ఉందో లేదో ఆండాళు చూసి చెప్పాకే.