నేను రాని రోజుల హాజరు

దెయ్యాలు, భూతాలు అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. ఇప్పటికీ నమ్మను. కానీ నాకు జరిగిన అవమానాలను మాత్రం ఒక్కటీ మరచిపోను. ఇది కూడా అలా గుర్తుపెట్టుకున్నదే.

ఎనభైల చివర్లో బీఎస్సీ కెమిస్ట్రీ పాసై, నాచారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరాను. ల్యాబ్‌లో మందుల నాణ్యత పరీక్షించే పని. ఆరు నెలల శిక్షణ, ఆ తర్వాత పర్మనెంట్. చేరిన రోజే పర్సనెల్ ఆఫీసరు నన్ను కిందికీ పైకీ చూసి, "గాలొస్తే ఎగిరిపోయేటట్టున్నవ్. ఆర్నెల్లు దినాం వస్తవా, దవాఖానల పడుకుంటవా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

అది ఉత్త వేళాకోళం కాదని తర్వాత తెలిసింది. నాతోపాటు చేరిన సుజాత టైఫాయిడ్ వచ్చి పన్నెండు రోజులు రాలేదు. డాక్టరు సర్టిఫికెట్ తెచ్చినా, పదమూడో రోజు గేటు దగ్గరే తీసేసినట్టు కాగితం చేతికిచ్చారు. కొన్నాళ్లకు ఉప్పల్ బస్టాపులో కనిపించింది. ఏ ఇంటర్వ్యూకి వెళ్లినా, మొదటి కంపెనీ ఎందుకు తీసేసిందనే అడుగుతున్నారట. "జ్వరమొచ్చిందని చెప్తే చాలు, ఫైలు మూసేస్తున్నరు. ఏదన్న తప్పు జేసి బయటికొచ్చినా గింత తిప్పలు ఉండకపోతుండె" అంది.

నాలుగో నెలలో నాకు కామెర్లు వచ్చాయి.

ఉప్పల్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. ఇంటావిడను పెద్దమ్మ అనేవాణ్ణి. మొదటి రెండు రోజులు ఎలాగైనా వెళ్దామని బూట్లు వేసుకుని గడప దగ్గరే కూలబడ్డాను. మూడో రోజు సెలవు చీటీ రాసి పెద్దమ్మ చేత పోస్టు చేయించాను. ఆవిడ రోజూ పొద్దున పసరు మందు పోసేది, ఉప్పు లేని అన్నం పెట్టేది, మధ్యాహ్నం నా గుమ్మం దగ్గరే కూర్చుని బియ్యం ఏరుకునేది. మొత్తం పంతొమ్మిది రోజులు. దొడ్లోకి వెళ్లాలన్నా గోడ పట్టుకునే నడిచాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఒళ్లు తెలియని స్థితిలో నేనే లేచి డ్యూటీకి వెళ్లి ఉంటానని తర్వాత ఈ సంగతి విన్నవాళ్లలో కొందరు తేల్చేశారు. బస్సెక్కి నాచారం పోయి, రోజంతా నిలబడి పనిచేసి తిరిగొచ్చే మనిషి పెద్దమ్మ కంటపడకుండా ఉండడు.

ఇరవయ్యో రోజు సర్టిఫికెట్ జేబులో పెట్టుకుని వెళ్లాను. సుజాతకిచ్చిన కాగితమే నాకూ సిద్ధంగా ఉంటుందనుకున్నాను. వాచ్‌మన్ ఏమీ అనలేదు. గేటు పక్కన ఒక గడియారం యంత్రం ఉండేది. ఎవరి కార్డు వాళ్లు అందులో పెడితే టైం అచ్చయ్యేది. అరలోంచి నా కార్డు తీశాను. ఆదివారాలు పోను అన్ని రోజులకూ టైం పడి ఉంది. వచ్చిన టైం, పోయిన టైం, రెండూ.

ఎవరో స్నేహంకొద్దీ నా బదులు కార్డు కొట్టి ఉంటారనుకుందామంటే, అంత స్నేహితులు నాకక్కడ లేరు. దొంగ హాజరు కింద పట్టించడానికి ఎవరో చేసిన పని అనుకున్నాను. ఒళ్లు మండింది.

ల్యాబ్‌లో గాజు సామాను కడిగే యాదగిరన్న నన్ను చూసి ఆగిపోయాడు. "ఏంది తమ్మీ, కండ్లు గిట్ల పచ్చగైనయ్? నిన్న మంచిగనే ఉంటివి గద."

"నిన్న నన్ను చూసినవా అన్నా?"

"సూసుడేంది, నా డబ్బల మామిడికాయ తొక్కు సగం ఊడ్చినవ్. ఇన్ని దినాలు మూతి ముడుసుకోని ఉంటివి, గీ మధ్యల జర మనుషులల్ల పడ్డవనుకున్న."

నా సొరుగు తాళంచెవి ఆ పంతొమ్మిది రోజులూ నా గదిలో, ట్రంకు పెట్టెలోనే ఉంది. ఆ పొద్దునే తీసి తెచ్చుకున్నాను. సొరుగు తెరిచి నోటుబుక్కు చూశాను. ఆ రోజుల పరీక్షలన్నీ నా చేతిరాతతోనే ఉన్నాయి, ఏడు అంకెకు నడుమ అడ్డగీత గీసే నా అలవాటుతో సహా. తప్పు రాస్తే కొట్టేసి పక్కన సంతకం చేయాలన్నది ల్యాబ్ నియమం. నా పాత పేజీల్లో అలాంటి కొట్టివేతలు చాలానే ఉండేవి. ఈ పేజీల్లో ఒక్కటీ లేదు.

నేరుగా పర్సనెల్ ఆఫీసరు గదికి వెళ్లాను. నా పేరు ఎవరు వాడుకున్నారో తేల్చమని అడగాలని. ఆయన కూర్చోమని సైగ చేసి, నేను నోరు తెరవకముందే సొరుగులోంచి ఒక కవరు తీసి బల్ల మీద పడేశాడు. నేను పోస్టు చేయించిన సెలవు చీటీ.

"ఎవడు రాసిండో తెలిసిందా?"

"ఎవరు రాసుడేంది సార్?"

"ఏమయ్యా, నీకు కామెర్లంట అని పిలిచి అడిగితే నవ్వినవ్ గద! ఎవడో ఆట పట్టిస్తుండు సార్, చింపేయుండ్రి అంటివి. గా కుర్సీలనే కూసున్నవ్."

ఆ కుర్చీలోంచి చటుక్కున లేచి నిలబడ్డాను.

చేయి జేబు మీదే ఉంది. సర్టిఫికెట్ చూపిస్తే అన్ని రోజులు రానివాణ్ణీ అవుతాను, దొంగ హాజరు వేయించుకున్నవాణ్ణీ అవుతాను. సుజాతను తీసేసినట్టే నన్నూ తీసేస్తారు. చూపించకపోతే ఉద్యోగం నిలుస్తుంది. క్యాంటీన్ సాంబారు పలచగా ఉందని కూడా అర్జీ రాసిన నేను, ఆ రోజు నోరు మూసుకున్నాను. "తెల్వలే సార్" అన్నాను. ఆయన చీటీ చింపి బుట్టలో వేశాడు.

ఆ తర్వాత రోజూ అరగంట ముందే గేటుకు చేరేవాణ్ణి. నేను కొట్టకముందే నా కార్డు మీద ఆ రోజు టైం పడి ఉంటుందేమోనని. అరలోంచి కార్డు తీసి, ముందు ఆ రోజు గడి చూసి, తర్వాతే కొట్టేవాణ్ణి. ఒక్కరోజు కూడా అలా జరగలేదు.

ఆరు నెలలు నిండాక పర్మనెంట్ ఉత్తరం వచ్చింది. ఆఫీసరు అది చేతికిస్తూ అన్నాడు: "చీఫ్ కెమిస్టు నిన్ను వద్దనే అన్నడు. నడుమ ఒక ఇరవై దినాలు మస్తు పనిజేసినవట, గది జూసి ఉంచిన్రు. మళ్ల గట్ల ఎందుకు జేస్తలేవు?"

ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను.

పాతికేళ్లు అక్కడే పనిచేశాను. కార్డు, నోటుబుక్కు, యాదగిరన్న, ఆఫీసరు అందరూ ఒకటే చెబుతారు. పెద్దమ్మ ఇంకొకటి చెబుతుంది. ఎవరూ అబద్ధమాడే మనుషులు కారు. ఎంత ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు. నాకు తెలిసిందల్లా ఇంతే: నన్ను వాళ్లు వద్దన్నారు, నా బదులు వచ్చినవాణ్ణి తీసుకున్నారు. దీనిమీద ఎవరికి ఫిర్యాదు రాయాలో ఇప్పటికీ తెలియదు.