కాటా మీద ఇద్దరం

తెనాలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిని ఒక పూటంతా గడగడలాడించిన ఘనత నాది. నిప్పు అంటుకోలేదు, పాము దూరలేదు. నేను కేసు షీటులో రాసిన ఒక్క అంకె చాలింది. చదవబోయే ముందు మంచినీళ్ళు దగ్గర పెట్టుకోండి. నవ్వుతూ పొలమారితే నా పూచీ లేదు.

అప్పటికి నేను నర్సింగు పూర్తిచేసి, బాపట్ల నుంచి వచ్చి ఉద్యోగంలో చేరి రెండు నెలలైంది. ఇస్త్రీ చేసిన తెల్లబట్టలు, జేబులో రెండు పెన్నులు, మొహం నిండా గాంభీర్యం. వైద్యశాస్త్రంలో నాకు తెలియనిది ఇంకేమీ మిగల్లేదని గట్టి నమ్మకం. సరిగ్గా ఆ రోజుల్లోనే వీరరాఘవయ్య గారు మా ఆసుపత్రిలో చేరారు.

ఆయనది రేపల్లె, చేపల వ్యాపారం. పిత్తాశయంలో రాళ్ళు పడ్డాయి, ఆపరేషన్ చేసి తీసెయ్యాలి. భారీ మనిషి. మా గది గుమ్మంలోంచి కాస్త పక్కకు తిరిగి లోపలికొచ్చి, "ఈ గుమ్మం కట్టినవాడు నన్ను చూళ్ళేదులే" అని తనే నవ్వేశారు. వెనకే ఆయన భార్య సావిత్రమ్మ గారు, చేతిలో టిఫిన్ క్యారియర్‌తో.

"బరువు చూడాలి, బాబాయ్ గారూ" అన్నాను.

మా మిషను నూట ఇరవై కిలోల వరకే చూపిస్తుంది. ఆయన ఎక్కీ ఎక్కగానే ముల్లు ఒక్క పరుగున చివరికెళ్ళి, అద్దానికి తగిలిన ఈగలా అక్కడే కొట్టుకోసాగింది.

"ఎంతమ్మా?"

అసలు సంగతి చెబితే పెద్దాయన నొచ్చుకుంటారేమోనని నాకు మొహమాటం. "నూట ఇరవై అండి" అన్నాను. షీటులోనూ అదే రాసేశాను.

"చూశావటే సావిత్రీ, తగ్గాను!" అని ఆయన సంబరపడ్డారు.

మధ్యాహ్నం మత్తు డాక్టరు సుశీల మేడం వచ్చారు. షీటు చూశారు, ఆయన్ని చూశారు, ఆ తర్వాత నన్ను చూశారు.

"పద్మా, ఇది ఆయన బరువా, మన మిషను సత్తువా?"

"మిషను అంతవరకే చూపించింది, మేడం."

"అది చేతులెత్తేస్తే నువ్వూ ఎత్తేస్తావా? మత్తు మందు లెక్క కట్టాలి. ఆపరేషన్ బల్ల ఆగుతుందో లేదో చూసుకోవాలి. నాకు సరైన అంకె కావాలి. ఎక్కడ తూయిస్తావో నీ ఇష్టం."

నీ ఇష్టం అనే మాట నాలాంటిదానితో అనకూడదు. ఆసుపత్రి వెనక వీధిలో ఒక రైసు మిల్లుంది. అందులో ధాన్యం బస్తాలు తూచే పెద్ద కాటా ఉంది. బాబాయ్ గారిని ఆటో ఎక్కించి అక్కడికి తీసుకెళ్ళాను.

కాటా దగ్గరున్న పెద్దాయన మా చేతులకేసి చూశాడు. "బస్తా ఏదమ్మా?"

"నేనేనయ్యా బస్తాని. గోనె తొడగలేదంతే" అన్నారు బాబాయ్ గారు.

కాటా పలక నేలకు జానెడు ఎత్తులో ఉంది. ఈయన కాలు జారితే? రోగిని పడనివ్వకూడదని మా కాలేజీలో వందసార్లు చెప్పారు. అందుకని రెండు చేతులతో ఆయన జబ్బ గట్టిగా పట్టుకుని, ఆయనతో పాటు నేనూ ఎక్కాను. ఇద్దరం పెళ్ళిఫొటోకి నిలబడ్డట్టు బిగుసుకుని నిలబడ్డాం. అంకె చూడటం ఇష్టంలేక ఆయన కళ్ళు మూసుకున్నారు. మిల్లు పెద్దాయన ఏదో అనబోయాడు. "మాట్లాడకండి, కదిలిపోతుంది" అని నేనే నోరు మూయించాను. ఆయన నోరు మూసుకుని చీటీ మీద రాసిచ్చాడు: రెండు వందల పద్నాలుగు.

మీలో చురుకైనవాళ్ళు ఈపాటికే నవ్వుతున్నారని నాకు తెలుసు. ఆ రోజు మిల్లులో మీరు లేకపోవడం నా ఖర్మ.

ఆ చీటీ చూసి సర్జన్ గారు కుర్చీలోంచి లేచారు.

"రెండు వందల పద్నాలుగా! మన బల్ల నూట ఎనభై దాకానే ఆపుతుంది. గుంటూరు పంపించెయ్యాలి."

ఆపరేషన్ వాయిదా పడింది. ఫోన్లు మొదలయ్యాయి. ఆయాలు వంగి మంచం కాళ్ళు తట్టి చూశారు. సావిత్రమ్మ గారు కొంగుతో కళ్ళొత్తుకుంటూ, "నా చేతి వంటే ఇంతపని చేసిందమ్మా" అన్నారు. బాబాయ్ గారు గోడవైపు తిరిగి పడుకున్నారు. కాఫీ ముట్టుకోలేదు.

"గుంటూరూ వద్దు, ఆపరేషనూ వద్దు. ఇంటికి పోతాను. ఈ ఒళ్ళు వేసుకుని ఊరూరా ఎక్కడ తిరగను?"

అప్పుడు నాకు భయం పట్టుకుంది. రాళ్ళు అలాగే వదిలేస్తే నొప్పి మళ్ళీ వస్తుంది, చీము పట్టినా పట్టొచ్చు. ఆయన మంచం పక్కన కూర్చుని ఓదార్చాను.

"బరువుదేముంది బాబాయ్ గారూ, అదొక అంకె మాత్రమే."

సాయంత్రం సుశీల మేడం, సర్జన్ గారు ఇద్దరూ కలిసి ఆయనకు నచ్చజెప్పడానికి వచ్చారు. అంతవరకు అసలు అంకె ఎంతో ఆయనకెవరూ చెప్పలేదు. మేడం చెప్పగానే ఆయన గిరుక్కున ఇటు తిరిగారు.

"రెండు వందల పద్నాలుగా? ముప్పై ఏళ్ళుగా కాటా పక్కనే కూర్చుంటున్నానండి. నా ఒళ్ళు నాకు తెలీదా?" క్షణం ఆలోచించారు. "డాక్టరమ్మా, మేం చేపలు తూచాక తట్ట బరువు తీసేస్తాం. ఇక్కడ తీశారా?"

"తట్టేంటండీ?" అన్నారు మేడం.

"అదిగో!" అని వేలు నా మొహం మీదికి చూపించారు. "నా జబ్బ పట్టుకుని తనూ కాటా ఎక్కిందిగా!"

సర్జన్ గారు గబుక్కున కిటికీవైపు తిరిగారు. ఆయన భుజాలు ఎగిరెగిరిపడుతున్నాయి. ముగ్గురు ఆయాలు ఒకరి మీద ఒకరు వాలిపోయారు. ఇందాకటిదాకా ఏడ్చిన సావిత్రమ్మ గారు ఇప్పుడు నవ్వలేక కళ్ళొత్తుకుంటున్నారు.

మేడం మాత్రం నవ్వలేదు. "నీ బరువెంత పద్మా?"

అందరూ నావైపే చూస్తున్నారు. ఆ రోజుల్లో నాకు పెళ్ళిసంబంధాలు చూస్తున్నారు. మా అమ్మ అందరికీ పంపే కాగితంలో ఒక అంకె ఉండేది. అదే చెప్పేశాను.

"యాభై రెండు, మేడం."

"అయితే ఆయన నూట అరవై రెండు. కానీ తీసివేతల మీద నేను మత్తివ్వను. పొద్దున్నే మళ్ళీ వెళ్ళండి. ఆయనొక్కరే ఎక్కాలి. నువ్వు కిందుండు."

మర్నాడు ఆయాలిద్దరు చెరో పక్కన చేతులు చాచి, తగలకుండా కాపలా కాశారు. బాబాయ్ గారు ఒక్కరే ఎక్కారు. నూట యాభై.

"రాత్రికి రాత్రి పన్నెండు కిలోలు తగ్గానోయ్!" అని ఆయన మిల్లులోంచే రేపల్లెకు ఫోన్ కొట్టారు.

మేడం చీటీ చూసి నిదానంగా అన్నారు. "ఒక్కరాత్రిలో మనిషి పన్నెండు కిలోలు తగ్గడు. కాటా అదే, మనిషీ ఆయనే. ఇక మిగిలింది..."

నన్ను మా ఆసుపత్రి మిషను ఎక్కించారు. నిన్న చేతులెత్తేసిన ముల్లు ఇవాళ ఏ ఇబ్బందీ లేకుండా వెళ్ళి అరవై నాలుగు దగ్గర ఠీవిగా ఆగింది.

"తట్ట అరవై నాలుగు! లెక్క సరిపోయింది!" అని బాబాయ్ గారు వరండా అంతా వినపడేలా వేలంపాటలా కేకేశారు.

తర్వాత మేడం నన్ను పక్కకు పిలిచారు. "ఆయన నొచ్చుకుంటారని నూట ఇరవై రాశావు. నువ్వు నొచ్చుకోకుండా యాభై రెండు చెప్పావు. మందుకు మొహమాటం ఉండదు పద్మా."

అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు. ఆ మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది.

ఆ తర్వాత మేడం పనిచేసే తీరు చూసి నోరు తెరిచాను. "ఈయన గురకపెడతారా?" అని సావిత్రమ్మ గారిని అడిగారు.

"పెడతారమ్మా. గురకకు నాకు మెలకువ రాదు. మధ్యలో ఆగిపోతుంది చూడండి, అప్పుడు వస్తుంది."

అందరం నవ్వాం. మేడం ఒక్కరే గబగబా రాసుకున్నారు. నిద్రలో ఊపిరి ఆగుతోందన్నమాట, మత్తిచ్చాక ఆయన్ని మరింత కనిపెట్టుకుని ఉండాలన్నమాట. ఆపరేషన్ రోజున ఆయన తల, భుజాల కింద దుప్పట్లు మడిచి వాలుగా ఎత్తు కట్టారు. పెద్ద బీపీ పట్టీ తెప్పించారు. కాళ్ళకు బిగుతు మేజోళ్ళు తొడిగించారు. అయిపోయాక ఆయన వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టి, "దీని మీద నుంచి చూపు తిప్పావంటే చూడు" అని నన్ను పక్కన కూర్చోబెట్టారు. నేను రెప్ప వేస్తే ఒట్టు.

బాబాయ్ గారు కళ్ళు తెరిచి మొదట అన్న మాట, "తట్ట ఉందా?"

"ఉన్నానండి" అన్నాను. చూపు మాత్రం క్లిప్పు మీద నుంచి తిప్పలేదు.

సాయంత్రానికి కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా లేపి నడిపించాం. నాలుగో రోజుకు ఆయనే ముందు, ఆయాసపడుతూ వెనక నేను.

నెల తర్వాత చూపించుకోవడానికి వచ్చారు. అప్పటికి మా ఆసుపత్రివాళ్ళు పెద్ద మిషను కొన్నారు. ఆయన ఒక్కరే ఎక్కారు. ఆరు కిలోలు తగ్గారు. అందరం చప్పట్లు కొట్టాం.

"ఇప్పుడు నువ్వెక్కమ్మా" అన్నారు.

ఎక్కక తప్పలేదు. అరవై ఏడు. ఆయన పోగొట్టుకున్నదాంట్లో సగం నా దగ్గర దొరికింది. మీకు దాచేదేముంది? ఆయన ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ, ఇంటికెళ్ళాక కూడా, చుట్టాలు మోసుకొచ్చిన బొబ్బట్లూ అరిసెలూ ఆయన కంట పడకూడదని సావిత్రమ్మ గారు నాకే పంపించేసేవారు. రోగి క్షేమం కోరి వాటినన్నిటినీ నేనొక్కదాన్నే కష్టపడి ఖాళీచేశాను.

సుశీల మేడం ముల్లుకేసి చూసి నిట్టూర్చారు. "పద్మా, ఇకనైనా ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచెయ్."

అందుకని మీ అందరి సాక్షిగా చెబుతున్నాను. మేడం మీద నాకెంత గౌరవమున్నా ఈ ఒక్క విషయంలో ఆవిడ మాట వినను. రోగిని తూచేటప్పుడు ఈ జన్మలో ఒళ్ళు దగ్గర పెట్టుకోను. కాటాకు నాలుగడుగుల దూరంలో పెట్టుకునే పనిచేస్తాను.