పిలవడానికి తనే వెళ్ళిన అత్తయ్య

మా మేనత్త పోయింది. ఈ వార్త మీకు కొత్త కాదు. ప్రపంచ సమితికి అధ్యక్షురాలిగా చేసిన మనిషి కాబట్టి మాలో చాలామంది కంటే ముందు మీకే తెలిసింది. అన్ని తెరల మీదా ఆవిడ బొమ్మ వేశారు. నక్షత్రాల మధ్య యుద్ధాన్ని ఆపిన మహనీయురాలన్నారు. బతికున్నన్నాళ్ళూ పిరికిది అన్నదీ ఆ నోళ్ళే. నాకు ఒళ్ళు మండింది, అందుకే ఇది రాస్తున్నాను.

మా నాన్నకీ పెదనాన్నకీ చాలాకాలం మాటల్లేవు. గొడవ పెద్దదేం కాదు. పెదనాన్న తన కూతురి పెళ్ళికి మమ్మల్ని ఫోనులో పిలిచారు, ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవలేదు. మా గోదావరి జిల్లాల్లో అంత చాలు. మేం వెళ్ళలేదు, వాళ్ళు మర్చిపోలేదు. తర్వాత మా అక్క పెళ్ళి కుదిరితే, వాళ్ళకీ ఫోనే చాలన్నారు నాన్న. అత్తయ్య వినలేదు. అప్పుడు నేను కాలేజీలో చదువుతున్నాను. కుంకుమ భరిణె నా చేతికిచ్చి, సంచిలో అరటిపళ్ళు వేసుకుని, స్కూటర్ తీయమంది. మనమే దిగివచ్చామని ఊరంతా అనుకుంటారని నాన్న గేటు దాకా వచ్చి అరిచారు.

"దిగితే ఏం పోయిందిరా తమ్ముడూ, మళ్ళీ ఎక్కొచ్చు" అంది.

పెద్దమ్మ మమ్మల్ని వరండాలోనే నిలబెట్టింది. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. పోదాం రమ్మని నేను కొంగు లాగాను. అత్తయ్య కదల్లేదు. "కూర్చోమనేదాకా నిలబడతానొదినా, నాకేం తొందర లేదు" అంది. చివరికి పెద్దమ్మే కుర్చీ తెచ్చి వేసింది. వాళ్ళు పెళ్ళికి వచ్చారు. వంకలు పెడుతూనే విస్తరి ఖాళీ చేశారు.

చాలా ఏళ్ళ తర్వాత, సమితి అధ్యక్షురాలయ్యాక, అవతలివాళ్ళ విషయంలో అత్తయ్య చేసింది కూడా ఇదే. వేరే నక్షత్రం వాళ్ళని మనం మొదటి నుంచీ అవతలివాళ్ళనే అంటున్నాం కదా. సరిహద్దు దగ్గర మన ఓడ ఒకటి కాలిపోయింది, వాళ్ళదీ ఒకటి. చర్చలకి రమ్మని సమితి సందేశం మీద సందేశం పంపింది. వాళ్ళు రాలేదు. ఇక యుద్ధమే అన్నారందరూ, మా ఊరి టీకొట్టు దగ్గరివాళ్ళతో సహా. అప్పటికే మా అబ్బాయిని సైన్యంలోకి రమ్మన్నారు. ఆ వారం అత్తయ్య నాకు ఫోన్ చేసింది. "కబురు పంపాం కదా అంటున్నారే వీళ్ళు. కబురుకి ఎవరొస్తారే?" అంది.

తనే వెళ్ళింది. కుంకుమ భరిణెతో పాటు, వాళ్ళు తినరని తెలిసీ అరటిపళ్ళు పట్టుకెళ్ళింది. ఉత్తి చేతులతో వెళ్ళడం ఆవిడకి రాదు. వాళ్ళు గుమ్మంలోనే నిలబెట్టారు. ప్రపంచమంతా ఆ దృశ్యం చూసి, భూమి పరువు తీసిందని తిట్టింది. భరిణె పట్టుకున్న ముసలమ్మ బొమ్మలు గీసుకుని నవ్వుకున్నారు. ఆఖరికి వాళ్ళు కూర్చోమన్నారు, మాట్లాడారు. ఎవరి యుద్ధ ఓడలూ సరిహద్దు దాటకూడదని, తగువొస్తే ఎదురుగా కూర్చునే తేల్చుకోవాలని ఒప్పందం కుదిరింది. ఆవిడ తిరిగొచ్చేసరికి పదవి పోయింది. యుద్ధం చేసి గెలిస్తే ఊరూరా విగ్రహాలు పెట్టేవారు. జరగని యుద్ధాన్ని ఎవరు చూశారు గనక? నేను చూశాను. మా అబ్బాయి ఇంట్లో అన్నం తింటుంటే రోజూ చూశాను.

పదవి పోయాక అమలాపురం దగ్గర మా ఊరికే, మా నాన్న ఇంటికే వచ్చేసింది. తిట్టడానికి వచ్చినవాళ్ళకి కూడా ముందు కుర్చీ వేసేది, తర్వాత కాఫీ ఇచ్చేది. రిటైరైన మాస్టారొకాయన ఓ రోజు మొహమ్మీదే, మీరు భయపడ్డారండి అన్నారు.

"భయపడ్డానండి. మీకు భయం వెయ్యలేదా?" అంది.

ఆయన కాఫీ తాగి వెళ్ళిపోయారు. మర్నాడు వచ్చి మళ్ళీ అదే మాటన్నారు.

మొన్న ఆవిడ పోయాక, ఇంకా వాకిట్లో పడుకోబెట్టి ఉండగానే సమితి మనుషులు పెద్ద తెర కట్టారు. కొత్త అధ్యక్షుడు అందులోంచే నివాళి చెప్పాడు. ఆ నోటితోనే, మారిన పరిస్థితుల్లో ఒప్పందం గురించి మళ్ళీ ఆలోచిస్తామన్నాడు. అప్పటికింకా పాడె కూడా కట్టలేదు.

ఇంతలో గేటు దగ్గర గొడవైంది. ఆనాడు అత్తయ్యతో ఒప్పందం చేసుకున్న అవతలివాళ్ళ పెద్ద వచ్చాడు. మన గాలి పడదు కాబట్టి మొహానికి తొడుగు పెట్టుకుని, ఒక్కడే వచ్చాడు. కాపలావాళ్ళు ఆపేసి, పిలుపు ఉందా అని అడుగుతున్నారు. నేను పరిగెత్తుకెళ్ళి, చావుకి పిలుపేంటండీ అన్నాను. అయినా వదల్లేదు. అతను వాదించలేదు. మెడలో వేలాడుతున్న యంత్రం అతని మాటని మెల్లగా తెలుగులో చెప్పింది.

"కూర్చోమనేదాకా నిలబడతాను. నాకేం తొందర లేదు."

ఆనాడు అదే గేటు దగ్గర అరిచిన మా నాన్న, ఈ వయసులో, లోపల్నుంచి కుర్చీ మోసుకొచ్చి బయట వేశారు.

పాడె లేచేదాకా అతను దాంట్లోనే కూర్చున్నాడు. వెళ్ళొస్తానని చెప్పకుండా వెళ్ళాడు. చావింట్లో ఆ మాట అనకూడదని ఆవిడే ఎప్పుడో చెప్పి ఉంటుంది.

ఒప్పందం సంగతి తేల్చడానికి వచ్చే వారం సమితి కూర్చుంటుందట. మా అబ్బాయికి మళ్ళీ సిద్ధంగా ఉండమని చెప్పారు. అవతలివాళ్ళ దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. కబురు పంపారట.

కుర్చీ ఇంకా గేటు బయటే ఉంది. వాన పడుతున్నా నాన్న దాన్ని లోపలికి తేనివ్వడం లేదు.