లేవని కాగితం ముక్కలు

మా ఆయన నాంపల్లిల ఒక బడిల సైన్సు మాస్టరు. నేనైతే బడి మొఖం చూసినదాన్ని గాదు. మా నాయిన ఇంట్ల కూసోబెట్టి నేర్పిన అక్షరాలే నా చదువు. అయినా ఈ లోకాన్ని పట్టి ఉంచే బలాలు ఏవేవి అని ఎవరన్న అడిగితె ఇప్పటికీ నిద్రల లేపినా చెప్తా. చెప్పి ఏం ఫాయిదా అంటరా? ఏం లేదు. చెప్పాల్సిన మనిషి నోరే మూతపడ్డంక నేను చెప్తె ఎంత, చెప్పకుంటె ఎంత!

నిజాం రాజ్యాన్ని దించిన పోలీస్ యాక్షన్ కంటె ముందు ఆ బడిల పాఠాలన్నీ ఉర్దూలనే. ఆయన చదివింది ఉర్దూలనే, చెప్పింది ఉర్దూలనే. ఇంటికొస్తె పప్పు, ఉప్పు, పిల్లల జరాలు, అన్నీ తెలుగు. సైన్సు మాత్రం ఎన్నడు తెలుగుల మాట్లాడి ఎరుగడు. సర్కారు మారినంక కొన్నేండ్లకు, ఇగ తెలుగుల చెప్పాలె అన్నరు. పాత మాస్టర్లు ఒక్కొక్కరు ఇన్స్పెక్టరు ముందర పాఠం చెప్పి చూపెట్టాలె. నెగ్గితె మాస్టరుగనే ఉంటరు. లేకుంటె పిల్లల ముందర నిలవడుడు బంద్, సామాన్ల గదిలనో ఆఫీసులనో కూసోబెడతరు. మా ఆయనకు పాఠం చెప్పుడు తప్ప ఇంకేం వస్తది? బేగం బజార్ల సేరు చింతపండు బేరం చేసుడు గూడ రాదు మనిషికి.

ప్రకృతిల ఉన్న బలాల పాఠం చెప్తనన్నడు. ఏండ్ల సంది ఆయనకు పేరు తెచ్చిన పాఠమది. ఇగ మా వంటిల్లే క్లాసు, నేనే పిల్లలు. నేను వంకాయలు కోస్తుంటె ఎదురుంగ నిలబడేది.

"ఇగో, గీ వంకాయ చేతులకెల్లి ఇడిస్తె ఎటు పోతది?"

"కిందికే పోతది. మీదికి పోతదా ఏంది?"

"ఎందుకు?"

"ఎందుకంటె ఏం చెప్పాలె? నాకు పొయ్యి మీద చారు పొంగుతున్నది, జర జరుగున్రి!"

నవ్వేది. భూమి గుంజుతదంట. వంకాయ గూడ భూమిని గుంజుతదంట, గని వంకాయ బలమెంత! బరువున్న ప్రతి ఒక్కటీ ఇంకోదాన్ని గుంజుతనే ఉంటదంట. చంద్రుడు మనల్ని ఇడిసి ఎటో పోకుండ తిరిగేది గందుకే. అయితె అన్నిట్ల పెద్ద బలం ఇదే కదా అన్న నేను. కాదు, అన్నిట్ల బలహీనమైంది ఇదే అన్నడు. నాకు మండింది. చార్మినార్‌ను కదలకుండ కూసోబెట్టింది బలహీనమా, ఎవరికి చెప్తున్నరు?

అప్పుడే బడికెల్లి వచ్చిండు, ఒంటి మీద షేర్వాణి ఇంక ఇప్పలే. ఉన్ని షేర్వాణి, ఎండకాలం గూడ ఇడువకపోయేది. సంచిలకెల్లి జానెడు నల్ల రబ్బరు కడ్డీ తీసిండు. పాత పేపరు చింపి ముక్కలు కింద ఏసిండు. కడ్డీని షేర్వాణి చేతి మీద బరబర రుద్ది ముక్కల దగ్గరికి తెచ్చిండు. ఓయమ్మో! ముక్కలన్నీ ఎగిరి కడ్డీని అంటుకున్నయి.

"ఇంత భూమి ఒక దిక్కు, నా కడ్డీ ఒక దిక్కు. ఎవరు గెలిచిన్రు?"

"కడ్డీ!" అన్న నేను, చిన్న పిల్ల లెక్క.

ఏటేటా పిల్లలు గూడ గట్లనే కేకేస్తరంట. ఆ మాట చెప్తుంటె ఆయన మొఖం చూడాలె. మా పెండ్లినాడు గూడ అంత కళ లేదు.

ఆ కడ్డీల ఉన్నది కరెంటు బలం. మెరుపుల ఉన్నదీ అదే, అయస్కాంతంల ఉన్నదీ అదే. అది గుంజుతది, నూకుతది గూడ. మనం పీట మీద కూసుంటె పీట లోపలికి దిగిపోకుండ ఆపేది ఆ నూకుడే. ఇగ పరమాణువు నడుమ గింజ ఉంటదంట. ఆ గింజల ఒక్క తీరు కరెంటున్న రేణువులన్నీ ఒకదాన్నొకటి నూకి చెదిరిపోవాలె, గని పోవు. పక్కపక్కన ఉన్నంతసేపే పనిచేసే బలం ఒకటి వాటిని ఇడువకుండ పట్టి ఉంచుతది. అన్నిట్ల మొనగాడు అదే. "ఇంకోటి గూడ ఉన్నదంటున్నరు" అన్నడొకసారి, గొంతు తగ్గించి. "అది ఇడిసిపోకుండ పట్టి ఉంచదు. లోపల్లోపలనే ఒకదాన్ని ఇంకోటిగ మార్చేస్తది." నాకు అది సమజ్ గాలే. అప్పుడు గాలే.

మా అన్న నాంపల్లి కచేరిల గుమాస్తా. లోకమంతా తనకే తెల్సు అన్నట్టుంటడు. వచ్చి కూసొని, "బావా, ఆ షేర్వాణి ఏస్కొని పోతవా ఏంది? అది చూస్తెనే పాత దర్బారు మనిషి అనుకుంటడు ఇన్స్పెక్టరు. ఖద్దరు అంగీ ఏస్కో, ధోతి కట్టు" అన్నడు. ఆ సలహా మీద మన్నువడ! ఇద్దరు కలిసి ఆబిడ్స్ పోయి ఖద్దరు గుడ్డ తెచ్చిన్రు, అంగీ కుట్టించిన్రు. షేర్వాణి పెట్టెల పోయింది. అంగీ ఏస్కొని అద్దం ముందర నిలబడితె ఎవరో పరాయి మనిషి లెక్క కనపడ్డడు నాకు. "మంచిగున్నదా?" అంటె "ఔ, మంచిగున్నది" అన్న. ఇంకేమంట?

పాఠం చెప్పి చూపెట్టే దినం రానే వచ్చింది, చలికాలం అది. ఆయన ఇంటికొచ్చేసరికి సేమియా పాయసం చేసి పెట్టిన. కాళ్లు కడుక్కోకుండనే వచ్చి గోడకు ఒరిగి కూసున్నడు. ఏమైందని అడిగిన. ఒక్కొక్క ముక్క చెప్పిండు.

పాఠం మంచిగనే నడిచిందంట. పిల్లలు టకటక జవాబులు చెప్పిన్రంట, ఇన్స్పెక్టరు తల ఊపిండంట. కాగితం ముక్కలు బల్ల మీద పోసి కడ్డీ తీసిండు. చెయ్యి అలవాటు కొద్ది అదే పోయి అంగీ చేతి మీద రుద్దింది. ముక్కల దగ్గరికి తెస్తె ఒక్కటన్న కదలలే. మల్ల రుద్దిండు. కదలలే.

ఖద్దరంటె పత్తి గద. ఉన్ని మీద రుద్దితె ఎక్కే బలం పత్తి మీద ఎక్కదు. ఆయనకు తెల్వదా? పిల్లలకు ఏటేటా చెప్పే మాటే అది. ఆ గాబరాల ఆగకుండ, ఎప్పటి లెక్కనే అడిగేసిండంట: ఇంత భూమి ఒక దిక్కు, నా కడ్డీ ఒక దిక్కు, ఎవరు గెలిచిన్రు? ముందు బల్ల పిల్లగాడు చూసింది చూసినట్టు చెప్పిండు. "భూమి, సార్."

క్లాసంతా నవ్విందంట.

"ఇన్స్పెక్టరు ఏం ఏస్కున్నడు?" అన్న నేను.

"ఉన్ని కోటు. నా పక్కనే కూసున్నడు."

"మీ కోటు చెయ్యి ఒక్కసారి ఇయ్యిన్రి అని అడిగితె మీ సొమ్మేం పోతుండె?"

"నోరు రాలే."

"ఎందుకు రాలే?"

ఆయన నా దిక్కు చూడలే. "ఉర్దూల అయితె ఎంత మర్యాదగ అడుగుదునో! తెలుగుల గంత పెద్దమనిషిని అట్ల అడిగే తీరు నాకెవరు నేర్పిన్రు?" అన్నడు. పాయసం గిన్నెల అట్లనే గడ్డకట్టింది.

తర్వాత ఆయన్ను బడిల సామాన్ల గదిల ఏసిన్రు. సుద్దముక్కలు, పటాలు, ఇరిగిన బల్లలు. ఇంట్ల గూడ మాటలు తగ్గినయి. వంకాయ కింద పడితె ఒంగి తీసి ఇచ్చేది, అంతే. లోపల్లోపలనే మార్చేస్తదన్న బలం గురించి అప్పుడు సమజయింది నాకు.

మల్ల ఒక చలికాలం పొద్దుగాల షేర్వాణికి ఎండ తగలాలని పెట్టెలకెల్లి తీసిన. దాని అడుగున కడ్డీ దొరికింది. మనసు ఆగలే. పేపరు చింపి, కడ్డీని ఆ చేతి మీద రుద్ది చూసిన. ముక్కలన్నీ ఎగిరి అంటుకున్నయి.

"ఇగో జూడున్రి, లేస్తున్నయి!" అని కేకేసిన.

ఆయన గడ్డం గీసుకుంటున్నడు. వచ్చి నిలబడి చూసిండు. "లేస్తయి. లేవవని ఎవరన్నరు?" అన్నడు.

ముక్కలు కాసేపు కడ్డీని పట్టుకుని ఉండి, ఒక్కొక్కటే రాలిపోయినయి. ఎవరు గెలిచిన్రని ఆయన అడగలే. నేనూ చెప్పలే.